దిగుడు దారిలో పదకొండు కిలోమీటర్లు

తెల్లవారుజామున ఐదింటికి బస్సక్క తన సీటు దిండు చంకలో పెట్టుకుని దొరసాని ఇంటి గేటు దగ్గరికొచ్చింది. స్కూలు బస్సు డ్రైవరు సీట్లో పన్నెండేళ్ళుగా ఆమె కింద నలుగుతున్న దిండు అది. నిన్ననే ఉతికి ఎండేసింది. వేసవి సెలవుల్లో దాన్ని బయటికి తీయడానికి కారణం ఒకటే. ఈ మూడు రోజులూ జీపు నడిపేది తను. కొండ ఎక్కించేది తను, దింపేది తను. చిన్ననాటి స్నేహితురాళ్ళు ముగ్గురూ కొండ మీది సరస్సుకి వెళ్ళాలనుకుని తొమ్మిది వేసవులు దాటాయి. ఒక వేసవి ఒకరికి జ్వరం, ఇంకో వేసవి ఇంకొకరింట్లో పెళ్ళి. ఈ ఏడు ఎట్టకేలకు కుదిరింది.

గేటు లోపల జీపు అప్పటికే స్టార్టయి ఉంది. స్టీరింగు ముందు ఒక మగమనిషి కూర్చుని అద్దం సరిచేసుకుంటున్నాడు.

"మా డిపో డ్రైవరే" అంది దొరసాని, టెంటు మూట జీపులోకి ఎక్కించమని అతనికి సైగ చేస్తూ. దొరసాని అనేది తొమ్మిదో తరగతిలో పెట్టిన పేరు. అప్పట్లో తన పుస్తకాల సంచి ఎప్పుడూ ఎవరో ఒకరి చేత మోయించేది. తర్వాత కలప డిపో ఓనరుని పెళ్ళి చేసుకుని ఆ పేరుకి న్యాయం చేసింది. "మా ఆయన ఒప్పుకోలేదే. ముగ్గురు ఆడాళ్ళు, కొండదారి, మగతోడు లేకుండా బండి ఇవ్వనంటే ఇవ్వనన్నారు. ఇతన్ని తీసుకెళ్తానంటేనే తాళాలిచ్చారు."

"నేను నడుపుతానని చెప్పలేదా?"

"చెప్పకేం. స్కూలు బస్సు వేరు, ఘాట్ రోడ్డు వేరు అన్నారు."

"ఆయన ఎప్పుడైనా నలభై మంది పిల్లల్ని వెనకేసుకుని నడిపారటా?"

మూడో స్నేహితురాలు టీచరు మధ్యలోకి వచ్చింది. ఆమె నిజంగానే టీచరు. ఇద్దరు కొట్లాడుకుంటే విడదీయడం అలవాటైన మనిషి. "పోనీలేవే. రోజూ నడిపేదానివేగా. ఈ మూడు రోజులైనా కాలు మీద కాలేసుకుని కూర్చో. రెస్టు."

బస్సక్కకి ఒళ్ళు మండింది. ఎవరిక్కావాలి రెస్టు! పొద్దున పద్నాలుగు కిలోమీటర్లు, సాయంత్రం పద్నాలుగు. అవే మలుపులు, అవే స్పీడు బ్రేకర్లు, నలభై దాటకుండా ఇంజనుకి లాకు. పన్నెండేళ్ళలో ఆమె నడిపిన ప్రతి కిలోమీటరూ ఎవర్నో ఎక్కించుకోవడానికో దింపడానికో నడిపిందే. ఒక్కసారి, ఎవరి టైముకీ కాకుండా, ఊరికే నడపడం కోసం ఒక మంచి రోడ్డు నడపాలని ఉంది. ఆ ఒక్క కోరికకీ అడ్డంగా, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఈ డ్రైవరొకడు తయారయ్యాడు. ముందే చెప్తే తను రానంటుందని ఇద్దరికీ తెలుసు. అందుకే చెప్పలేదు. దిండు వెనక సీట్లో పడేసి దాని మీద కూర్చుంది.

డ్రైవరుకి నలభై ఉండవు. పదహారేళ్ళుగా డిపోలోనే పనట. మైదానం రోడ్డు మీద వంక పెట్టడానికి లేదు. కానీ చిన్న దిగుడు వచ్చినా చాలు, గేరు తీసి బండిని న్యూట్రల్లో వదిలేస్తున్నాడు.

మూడోసారికి బస్సక్క ఉండబట్టలేక అడిగింది. "ఇంజనెందుకు వదిలేస్తున్నావయ్యా?"

"డీజిల్ మిగులుతుంది మేడం. దిగుడొస్తే న్యూట్రల్ చెయ్యాలని ఓనరుగారి రూలు. నెలనెలా డీజిల్ లెక్క చూస్తారు."

"మైదానంలో చేస్తే చేశావుగానీ, కొండ మీద మాత్రం చెయ్యకు. బ్రేకులు కాలిపోతాయి."

"ఊఁ, అప్పుడే మొదలైంది" అంది దొరసాని. ఇద్దరూ నవ్వారు. డ్రైవరు కూడా మర్యాదకి నవ్వాడు.

కొండ మొదలయ్యేసరికి ఎండ తగ్గింది. రోడ్డు చూసి బస్సక్క సీటు అంచుకి జరిగింది. కొత్తగా వేసిన తారు, ఒకవైపు రాతి గోడలా కొండ, రెండోవైపు మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల లోయ. మెలిక తర్వాత మెలిక. ప్రతి మలుపులోనూ ఎక్కడ గేరు మార్చాలో, ఎక్కడ హారను కొట్టాలో ఆమె చేతులకి తెలుస్తూనే ఉంది. డ్రైవరు మాత్రం మూడో గేరులో గుంజుతూ, ఇంజను మూలుగుతుంటే అప్పుడు రెండోది వెతుక్కుంటున్నాడు. వెనక సీట్లో ఆమె కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

"ఒసేయ్, జీపు అడుగుకి చిల్లు పెడతావే" అంది టీచరు.

సాయంత్రానికి సరస్సు చేరారు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలంటే, అక్కడ ముగ్గురికీ బాగానే గడిచింది. టెంటు కర్రలు ఏది దేంట్లో దూరాలో తెలియక గంటసేపు కుస్తీ పట్టారు. చివరికి టెంటు నిలబడింది కానీ, గుమ్మం ముళ్ళపొద వైపు తిరిగింది. నవ్వలేక చచ్చారు. మర్నాడు పొద్దున్నే గజగజా వణుకుతూ నీళ్ళలో దిగారు. నలభై రెండేళ్ళ దొరసాని వెల్లకిలా తేలుతూ, "ఇప్పుడు ఇంట్లో ఎవరికీ నా ఆచూకీ తెలీదు!" అని ఆకాశానికి కేకేసింది. ఆ ఒక్క క్షణం బస్సక్కకి ఆమె మీద కోపమే లేదు. డ్రైవరు దూరంగా జీపులోనే పడుకున్నాడు, జీపు దగ్గరే తిన్నాడు. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు టీచరే పట్టుకెళ్ళి ఇచ్చింది.

మధ్యాహ్నం తడిబట్టలు ఆరేస్తూ బస్సక్క మళ్ళీ కదిపింది. "రేపు దిగేటప్పుడైనా తాళాలివ్వవే."

"మళ్ళీ మొదలెట్టావా? అతనికి చిన్నతనంగా ఉంటుందే."

"అతనికి చిన్నతనం. మరి నాకు?"

దొరసాని తువ్వాలు దులిపి తాడు మీద వేసింది. మెల్లిగా అంది. "ఆయనకి తెలిస్తే వచ్చే ఏడు ఈ మాట ఎత్తనివ్వరు. నీకేం, నీకు అడిగేవాళ్ళు లేరు." ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తగిలిందని అన్నామెకీ తెలిసింది. ఇద్దరూ మిగతా బట్టలు చెరో వైపు తిరిగి ఆరేశారు.

మూడో రోజు పొద్దున పదింటికి దిగడం మొదలుపెట్టారు. మొదటి రెండు కిలోమీటర్లు బాగానే ఉంది. తర్వాత ఇంజను చప్పుడు పలచబడింది. న్యూట్రల్. పదహారేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది కాబోలు.

"గేరులో ఉంచవయ్యా" అంది బస్సక్క.

"ఊరుకోవే, అతన్ని కంగారు పెట్టకు" అంది దొరసాని. డ్రైవరు అద్దంలోంచి ఓనరుగారి భార్యని చూశాడు, బస్సక్కని చూశాడు. ఎవరి మాట వినాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. బ్రేకు మీదే కాలుంచి పోనిచ్చాడు.

ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి వాసన వచ్చింది. మాడిన రబ్బరూ కాలిన ఇనుమూ కలిసినట్టుండే వాసన. బస్సక్కకి ఆ వాసన తెలుసు. సీట్ల సందులోంచి ముందుకి దూరి డ్రైవరు పక్కన ఖాళీగా ఉన్న సీట్లో పడింది. అప్పటికే అతను పెడలు దబదబా కొడుతున్నాడు. అది నేలకి అంటుకుపోతోంది.

"లేదు... బ్రేకు లేదు..." అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

వెనక నుంచి దొరసాని అరిచింది. టీచరు అరవలేదు, సీటు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అటు చూడకు. రోడ్డు చూడు." నలభై మంది పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టే గొంతు అది. "క్లచ్ తొక్కు. పూర్తిగా. ఇప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా ఇచ్చి వదిలెయ్." గేరు రాడ్ మీద ఆమె చెయ్యి పడింది. మూడోది కరకరలాడి పడింది. "క్లచ్ వదులు." ఇంజను గావుకేక పెట్టి బండిని వెనక్కి పట్టుకుంది. మలుపు. ఒక చేత్తో స్టీరింగుని కొండవైపుకి లాగింది. "మళ్ళీ తొక్కు." రెండోది. హ్యాండ్ బ్రేకు బొత్తాం నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగుతూ వచ్చింది, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు జారతాయని. రోడ్డు పనివాళ్ళు కొండవైపు రోడ్డు పక్కన పోసి వదిలేసిన కంకర కుప్పలోకి ముందు చక్రం దించింది. జీపు కంకర తింటూ, కడుపు రాసుకుంటూ ఆగింది.

ఎవరూ కదల్లేదు. తర్వాత అందరూ ఒకేసారి దిగారు. చక్రాల్లోంచి పొగ వస్తోంది. టీచరు నీళ్ళ క్యాన్ తీసుకుని పరిగెత్తుకొచ్చింది.

"పొయ్యకు! వేడెక్కిన బ్రేకు డ్రమ్ము మీద నీళ్ళు పడితే పగిలిపోతుంది. దాన్నలా వదిలెయ్. గంట పట్టనీ, రెండు గంటలు పట్టనీ."

డ్రైవరు పిట్టగోడ మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. గంట దాటాక బస్సక్క చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి, పెడలు తొక్కి చూసింది. బ్రేకు నూనె చల్లారినట్టుంది, పెడలు సగం తిరిగొచ్చింది. అతను లేచొచ్చి తాళాలు చాపాడు.

"అక్కా, నా చేతుల వణుకు ఇంకా ఆగట్లేదు. బండి మీరు తీయండి."

దొరసాని ఈసారి ఎవరి చిన్నతనం గురించీ మాట్లాడలేదు.

పదకొండు కిలోమీటర్లు. మొదటి గేరు, కాస్త చదునొస్తే రెండు. ఇంజను మీదే బండిని వదిలి, బ్రేకుని అవసరానికి మాత్రం ముట్టుకుని వదిలేసింది. పక్కన డ్రైవరు ఆమె కాళ్ళనే చూస్తున్నాడు. "చూశావా, మలుపుకి ముందే గేరు తగ్గించాలి. మలుపులోకి వెళ్ళాక కాదు." "అర్థమైందక్కా." స్పీడు ఇరవై దాటలేదు. అయినా స్కూలు రోడ్డు మీద నలభైలో ఎన్నడూ లేని హాయి ఆమెకి ఆ ఇరవైలో దొరికింది. రోడ్డు ఒళ్ళు విరుచుకుంటూ ఆమె చేతికింద తిరిగింది. భయం తగ్గాక మిగిలింది సంతోషమే. ఎంత సంతోషమంటే, కొండ అడుగు చేరుతుంటే ఇంకో కొండ ఉంటే బావుండు అనిపించింది.

కొండ అడుగున టీ కొట్టు ముందు ఆపింది. డ్రైవరు పక్కనున్న షెడ్డులో బ్రేకు నూనె కోసం వెళ్ళాడు. దొరసాని ఫోను మోగింది, ఆపకుండా మోగింది.

"ఆయనే. రెండు గంటలు ఆలస్యమేంటని అడుగుతారు. ఏం చెప్పనే?"

"బ్రేకులు పోయాయని చెప్పకు" అంది టీచరు. "చెప్తే మన ముగ్గురికీ ఇదే ఆఖరి వేసవి. కొంచెం వేడెక్కాయి, డ్రైవరు తెలివిగా ఆపి, చల్లారాక జాగ్రత్తగా దింపాడు. అంతే చెప్పు."

"దింపింది నేను" అంది బస్సక్క.

"నువ్వేనే, కాదన్నానా. కానీ నువ్వు నడిపావంటే ఎందుకు నడిపింది, అతనేమయ్యాడు అంటారు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది." టీచరు ఆమె మోచెయ్యి పట్టుకుంది. "అతని ఉద్యోగం సంగతి కూడా చూడాలిగా, పాపం."

ఆ చివరి మాటకి బస్సక్క మెత్తబడింది. డ్రైవరు కష్టం డ్రైవరుకే తెలుస్తుందనుకుంది. సరేనంది. దొరసాని ఫోనెత్తి డ్రైవరుని తెగ మెచ్చుకుంది. ముగ్గురూ కలిసి అబద్ధాన్ని చక్కగా కుట్టుకున్నారు. అందులో డ్రైవరుకీ ఒక వేషం ఉంది. ఆ వేషానికి మాటలేమిటో అతనికి చెప్పాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. డ్రైవర్లని ఎవరడుగుతారు? పన్నెండేళ్ళుగా డ్రైవరైన బస్సక్కకి కూడా తోచలేదు. టీ తాగాక వెనక సీట్లో తన దిండు మీదికి వెళ్ళి కూర్చుంది.

తిరిగొచ్చిన నాలుగో రోజు ఆమె స్కూలు షెడ్డులో బస్సు సీట్ల కింద దూరి ఉంది. ఏటా వేసవిలో చేసే పని. పిల్లలు ఏడాదంతా సీట్ల అడుగున అంటించిన బబుల్ గమ్ములన్నీ రేకు ముక్కతో గీకాలి. ఫోనొస్తే వెల్లకిలా పడుకునే ఎత్తింది.

"చెల్లెమ్మా, నేను, డిపో నుంచి." దొరసాని భర్త గొంతు పంచదార పాకంలా ఉంది. "ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. మొన్న కొండ మీద మీరు జీపు నడిపారా?"

ఆమె ఎక్కడో పొక్కిందనుకుంది. దొరసాని ముఖం గుర్తొచ్చింది, డ్రైవరు వణికే చేతులు గుర్తొచ్చాయి.

"లేదన్నయ్యగారూ. నేను ముట్టుకోలేదు. అంతా అతనే నడిపాడు. చాలా జాగ్రత్తగా దింపాడు."

"అదీ! నాకు తెలుసు. ఇందాక మెకానిక్ చక్రాలు విప్పితే బ్రేకు లైనర్లు నల్లగా మాడిపోయున్నాయి. పోనీలే, మనుషుల్ని క్షేమంగా తెచ్చాడని నలుగురిలో వాడి భుజం తట్టాను. దానికి వాడేమన్నాడో తెలుసా? నేను కాదండీ, ఆ స్కూలు బస్సక్క నడిపిందండీ అన్నాడు. ఇంకేం వినాలి? బ్రేకులు కాల్చిందెవరని నేనడిగేలోపే మీ మీదికి నెట్టేస్తున్నాడు. ఇంట్లో మా ఆవిడనీ అడిగాను, తనూ మీలాగే చెప్పింది. పదహారేళ్ళు తిండి పెట్టానమ్మా. పని చేతకాకపోతే ఊరుకుంటాను గానీ అబద్ధమాడితే ఊరుకోను. రేపట్నించి రావద్దని ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఉంటానమ్మా."

"అన్నయ్యగారూ, ఆగండి, అసలు..." అంటుండగానే ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. దొరసానికి చేసింది.

"ఒసేయ్, మీ ఆయనకి నిజం చెప్పు. ఇప్పుడే."

"ఇప్పుడెలా చెప్పనే? నాలుగు రోజుల్నుంచి అబద్ధమాడుతున్నానని నా నోటితో నేనే చెప్పుకోనా? ఆయన చల్లబడనీ. అతనికి ఇంకెక్కడైనా నేనే పని చూసిపెడతాలే."

"అతన్ని అబద్ధాలకోరుని చేశాం మనం."

"మనం ఏంటి? ఆయన ఇప్పుడే ఫోన్లో చెప్పారు, నిన్నడిగితే నువ్వూ అదే అన్నావటగా."

బస్సక్క రేకు ముక్క పారేసి, చేతులు కడుక్కోకుండానే బయల్దేరింది.

డిపోలో రంపం ఆగి ఉంది. జీపు చక్రాలు తీసేసి దిమ్మల మీద నిలబెట్టారు. డ్రైవరు అందులోంచి తన సామాను తీసుకుంటున్నాడు. ఒక తువ్వాలు, నీళ్ళ సీసా, అద్దం తుడుచుకునే గుడ్డ. పదహారేళ్ళ సామానుతో ఒక చేతిసంచి కూడా నిండలేదు. పలకలు పేరుస్తున్న కూలీలు అతని వైపు చూడకుండా జాగ్రత్తపడుతున్నారు.

"ఎందుకు చెప్పావయ్యా?" అంది బస్సక్క. "మెచ్చుకుంటే మెచ్చుకున్నారని ఊరుకుంటే పోయేదిగా."

అతను గుడ్డ మడతపెట్టాడు. అతనిలో కోపం ఉంటే ఆమెకి నయంగా ఉండేది. "కాల్చావని తిట్టుంటే పడేవాణ్ణక్కా. కాల్చింది నేనేగా. దింపింది నేనని నలుగురిలో భుజం తట్టారు. ఆ మెప్పు నాది కాదు, ఎలా తీసుకోను? అంత దిగుడులో బండిని మీరు దింపిన తీరు ఆయనకి తెలియాలని చెప్పాను. మీ మీదికి తొయ్యడానికి కాదు." సంచి భుజానికి తగిలించుకున్నాడు. "మీరు కాదన్నారట కదా."

ఆమె జీవితంలో ఆమె నడపడం గురించి ఒక మంచిమాట ఇంకొకరి ముందు చెప్పిన మనిషి ఇతనొక్కడే. ఆ మాటని అబద్ధం చేసింది ఓనరూ కాదు, స్నేహితురాళ్ళూ కాదు, తనే.

ఓనరు ఆఫీసు మెట్ల మీదికొచ్చాడు. బస్సక్క కూలీలందరికీ వినపడేలా, స్కూలు బస్సు గొంతుతో చెప్పింది.

"అన్నయ్యగారూ, ఇందాక నేను చెప్పింది అబద్ధం. ఇతను చెప్పింది నిజం. మీ రూలు ప్రకారం న్యూట్రల్లో వస్తుంటే పెడలు నేలకి దిగింది. మూడులో వేసి, రెండులో వేసి, కంకర కుప్పలో ఆపింది నేను. చల్లారాక మొదటి గేరులో పదకొండు కిలోమీటర్లు దింపింది నేను."

కూలీల చేతుల్లో పలకలు ఆగాయి. ఓనరు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. అతని కళ్ళలో కోపం లేదు. తడి ఉంది.

"చూశారురా!" అన్నాడు కూలీల వైపు తిరిగి. "వాడు ఈమె మీద నింద వేస్తే, ఈమె వాడి ఉద్యోగం కోసం ఎంత కథ అల్లుకొచ్చిందో చూశారా! గేర్లతో సహా! మనసంటే అదీ. మా ఆవిడ ఇందాకే ఫోన్ చేసి చెప్పిందిలే చెల్లెమ్మా, మీది జాలిగుండె, మీరొచ్చి ఏదో ఒకటి చెప్తారని."

"కథ కాదన్నయ్యగారూ..."

"ఆ చేతులేంటమ్మా, అంత మురికి? ఎండలో పడి పరిగెత్తుకొచ్చారు." ఆయన ఆమె మాట వినడం లేదు, ఆమెని మెచ్చుకుంటున్నాడు. కూలీల్లో పెద్దవాడు కూడా తలూపాడు, ఎంత మంచి మనిషో అన్నట్టు.

డ్రైవరు అప్పటికే గేటు దాటాడు. ఆమె అతని వెనక వెళ్ళబోయింది. ఓనరు అడ్డంగా వచ్చి నీడలో కుర్చీ వేయించి, అమ్మగారికి చల్లటి నీళ్ళూ టీ పట్టుకురమ్మని లోపలికి కేకేశాడు.